గ్రీకు అమెరికన్ రాపర్ అంటూ ఎవరైనా ఉన్నారా? ఆఫీసులో ఒకటే వాదన

క్వీన్స్_కుర్రాడు:

అందరికీ నమస్తే. నేను ఉండేది న్యూయార్క్‌లో, క్వీన్స్ వైపు. మా టీంలో ఒక గ్రీకు అమెరికన్ ఉన్నాడు, క్వీన్స్‌లోనే గ్రీకులు ఎక్కువగా ఉండే ఆస్టోరియా పేటలో పుట్టి పెరిగినవాడు. మనిషి మంచోడే గానీ ఏ సంగతి ఎత్తినా తిప్పి తిప్పి "అది మొదలుపెట్టింది మా వాళ్ళే" దగ్గరికి తెస్తాడు. ప్రజాస్వామ్యం, నాటకం, ఒలింపిక్స్ దాకా సరే, మారుమాట లేకుండా విన్నాం. మొన్న లంచ్‌లో రాప్ మాట వస్తే హిప్‌హాప్‌లో కూడా మా వాళ్ళ చెయ్యి ఉంది, అదీ మొదట్నుంచీ ఉంది అన్నాడు. ఎవరయ్యా అంటే "టాకీ" అని ఒక్క ముక్క చెప్పి, మీటింగ్ ఉందని ప్లేటు పట్టుకుని లేచిపోయాడు.

వెతికితే ఆ పేరుతో ఇద్దరు తగులుతున్నారు, ఒకడు రాపర్, ఇంకొకడు గోడల మీద రాసేవాడట. నేను ఇంటర్ రోజుల నుంచీ నాస్, టూపాక్, ఎమినెమ్ వింటున్నవాణ్ణి. తెల్లవాళ్ళలో యూదు కుర్రాళ్ళు ఉన్నారు, ఇటాలియన్లు ఉన్నారు, ఐరిష్ వాళ్ళూ ఉన్నారు. గ్రీకు పేరు మాత్రం ఎప్పుడూ చెవిన పడలేదు. నిజంగా ఎవరైనా ఉన్నారా, లేక వీడు కోతలు కోస్తున్నాడా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, సోమవారం మళ్ళీ అదే టేబుల్ దగ్గర కూర్చోవాలి.

స్ప్రే_శ్రీధర్:

బ్రో, మీవాడు కోతలు కోయలేదు. కాకపోతే సగమే చెప్పి లేచిపోయాడు. ఆయన అన్నది టాకీ 183 గురించి అయ్యుంటుంది. ఆయన రాపర్ కాదు, జన్మలో మైకు పట్టుకోలేదు, అయినా హిప్‌హాప్ చరిత్ర మీద ఏ పుస్తకం తిరగేసినా మొదటి పేజీల్లోనే ఆ పేరు ఉంటుంది.

కథ ఇది. మన్‌హాటన్ పై కొసన వాషింగ్టన్ హైట్స్ అని పేట, అక్కడ 183వ వీధిలో ఒక గ్రీకు కుటుంబం. వాళ్ళబ్బాయి పేరు డెమెట్రియస్, ఇంట్లో ముద్దుగా టాకీ. దగ్గర్లోనే ఉండే ఇంకో కుర్రాడు జూలియో 204 అని పేరూ వీధి నంబరూ కలిపి గోడల మీద రాసుకునేవాడు, అది చూసి వీడు కూడా మార్కర్ పట్టాడు. ఇలాంటి పిల్లలు ప్రతి పేటలో ఉంటారు, వాళ్ళ పేట దాటితే ఎవరికీ తెలియరు. టాకీకి కలిసొచ్చింది ఉద్యోగం. బడి అయ్యాక ఆఫీసుల మధ్య కాగితాలూ పార్సిళ్ళూ చేరవేసే మెసెంజర్ పని చేసేవాడు, అంటే రోజూ సబ్‌వే ఎక్కి ఊరంతా తిరగడమే. చేతిలో పార్సిలు, జేబులో మార్కర్. ఎక్కిన బోగీలో, దిగిన స్టేషన్లో, పోయిన వీధిలో స్తంభం మీద, ఎక్కడ పడితే అక్కడ టాకీ 183. బొమ్మలు లేవు, రంగులు లేవు, మామూలు అక్షరాలే. డబ్బున్నోళ్ళు ఉండే పేటల్లో కూడా అదే పేరు కనబడేసరికి జనం ఒకళ్ళనొకళ్ళు అడగడం మొదలెట్టారు, ఎవడీ టాకీ అని.

ఆఖరికి న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు కుర్రాణ్ణి వెతికి పట్టుకుని 1971 జూలై 21న వార్త వేశారు. అప్పటికి వాడికి 17 ఏళ్ళు. ఇంటిపేరు మాత్రం చెప్పలేదు. అమ్మాయిల కోసం రాస్తున్నావా అంటే, వాళ్ళు అసలు పట్టించుకోరు, ఎవడైనా తన కోసమే రాసుకుంటాడు అని జవాబిచ్చాడు. గోడలూ బోగీలూ తుడవడానికి రవాణా సంస్థకు ఏడాదికి 3 లక్షల డాలర్ల దాకా అవుతోందని కూడా అదే వార్తలో ఉంది. అధికారుల బాధ చెప్పడానికి వేసిన వార్త కాస్తా పిల్లలకు ప్రకటనలా పనిచేసింది. పేపర్లో ఒకడి పేరు పడిందంటే మన పేరు ఎందుకు పడకూడదని వందల మంది మార్కర్లు కొన్నారు. రెండు మూడేళ్ళకు బోగీలు బయటా లోపలా రంగులతో నిండిపోయాయి.

మరి టాకీ ఏం చేశాడంటే, మానేశాడు! చక్కగా ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. తర్వాత న్యూయార్క్ పక్కనే యాంకర్స్‌లో కార్ల రిపేరు షాపు నడుపుకున్నాడు. లక్షల డాలర్లకు గ్రాఫిటీ, అంటే ఈ గోడరాతల బొమ్మలు, అమ్ముడుపోయిన రోజుల్లో కూడా ఆయన షాపులోనే ఉన్నాడు. నాకు ఆయనలో నచ్చేది అదే.

గోదారి_బీట్స్:

శ్రీధరూ, బాగా రాశావు గానీ రెండు అభ్యంతరాలు.

మొదటిది, పేరు రాయడం మొదలెట్టింది టాకీ కాదు. జూలియో సంగతి నువ్వే చెప్పావు. ఇంకా వెనక్కి పోతే ఫిలడెల్ఫియాలో కార్న్‌బ్రెడ్ అనే నల్లజాతి కుర్రాడు 1960ల్లోనే ఊరంతా తన పేరు రాసేశాడు. టాకీ పేపర్లో పడ్డాడు కాబట్టి చరిత్రలో పడ్డాడు.

రెండోది అసలైనది. 1971 నాటికి హిప్‌హాప్ అనేదే లేదు. హిప్‌హాప్ పుట్టిందని అందరూ చెప్పే పార్టీని డీజే కూల్ హెర్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూలో తన చెల్లెలి కోసం పెట్టింది 1973 ఆగస్టు 11న. డీజే, రాప్, బ్రేక్ డాన్స్, గ్రాఫిటీ, ఈ నాలుగూ ఒకే కుటుంబం అని కట్టగట్టింది ఆ తర్వాతి వాళ్ళు. తొలినాళ్ళ గ్రాఫిటీ కుర్రాళ్ళలో చాలామంది రాక్ వినేవాళ్ళు, మాకూ రాప్‌కూ ఏం సంబంధం లేదని ఇప్పటికీ విసుక్కునేవాళ్ళు ఉన్నారు. అడిగింది గ్రీకు అమెరికన్ రాపర్ గురించి, నువ్వు చెప్పింది గ్రీకు అమెరికన్ మెసెంజర్ గురించి.

స్ప్రే_శ్రీధర్:

ఒప్పుకోను. నీ పేరు నువ్వే పెట్టుకుని, దాని పక్కన నీ వీధిని తగిలించుకుని, నిన్ను ఎవరూ పట్టించుకోని ఊళ్ళో అందరి కళ్ళకూ కనబడేలా చెయ్యడం, రాప్‌లో ఉన్నది కూడా అదే కదా? ఏ పాత రాపరైనా నోరు తెరిస్తే ముందు తన పేరు, తర్వాత తన పేట. తేదీల లెక్కలో నువ్వు కరెక్టే, ఆ బుద్ధి మాత్రం హెర్క్ పార్టీ కంటే ముందే వీధుల్లో ఉంది.

పాతరికార్డుల_శాస్త్రి:

మీ ఇద్దరి వాదన బాగుంది గానీ అసలు మనిషిని వదిలేశారు. జానీ ఓటిస్.

పేరు వింటే ఎవరో నల్లజాతి బ్లూస్ గాయకుడు అనుకుంటారు. ఆయన బతికుండగా అమెరికాలో చాలామంది అలాగే అనుకున్నారు, ఆయన కూడా అలాగే బతికాడు. అసలు పేరు ఇయోనిస్ వెలియోటిస్. 1921 డిసెంబరు 28న కాలిఫోర్నియాలోని వలేహోలో, గ్రీసు నుంచి వచ్చిన దంపతులకు పుట్టాడు. బర్క్‌లీలో నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. కొట్టు అక్కడే, ఆటలు అక్కడే, చర్చి పాటలు అక్కడే. బళ్ళోకి వెళ్ళాక, నువ్వు తెల్లవాడివి, ఆ పిల్లలతో తిరగకూడదు అని చెప్పేవాళ్ళు తయారయ్యారు. నలుపో తెలుపో ఏదో ఒకటి తేల్చుకోమంటే నేను నల్లవాణ్ణే అవుతాను అని ఆ వయసులోనే నిర్ణయించుకున్నానని తర్వాత రాసుకున్నాడు. 19 ఏళ్ళకే నల్లజాతి మూలాలున్న అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, వాళ్ళమ్మకు అది అస్సలు ఇష్టం లేదు. తమ్ముడు నికొలస్ మాత్రం ఇంటిపేరు మార్చుకోకుండా చదువుకుని ఈజిప్టులో అమెరికా రాయబారి అయ్యాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ!

ఓటిస్ డ్రమ్స్ వాయిస్తూ మొదలెట్టి బ్యాండు కట్టాడు, 1948లో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో బారెల్‌హౌస్ అని క్లబ్బు పెట్టాడు. పాట కంటే పాడేవాళ్ళను కనిపెట్టడంలో ఆయన దిట్ట. లిటిల్ ఎస్తర్‌ను పట్టుకున్నప్పుడు ఆ పిల్లకు పదమూడేళ్ళు, 1950లో ఆమెతో చేసిన రికార్డు ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో నంబర్ వన్. 1951లో డెట్రాయిట్‌లో ఒక టాలెంట్ షో చూడబోయి ఒకే రాత్రి జాకీ విల్సన్‌ను, లిటిల్ విల్లీ జాన్‌ను, హ్యాంక్ బాలర్డ్ గ్రూపును చూసొచ్చాడు. గాయని ఎటా జేమ్స్‌కు ఆ పేరు పెట్టింది కూడా ఈయనే. ఎల్విస్ పాడి కోట్లు సంపాదించిన 'హౌండ్ డాగ్' ఉంది చూడండి, అది ముందు 1952లో బిగ్ మామా థార్న్‌టన్ రికార్డు చేసిన పాట, ఆ రికార్డింగులో డ్రమ్స్ ఓటిస్‌వి. రచయితల పేర్లలో తనదీ ఉండాలని కోర్టు దాకా వెళ్ళి ఓడిపోయాడనుకోండి, అందులో ఆయన పక్షాన నేను మాట్లాడను, పాట రాసిన జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే ఇద్దరు కుర్రాళ్ళదే.

ఇక రాప్ దగ్గరికి వస్తున్నా. నల్లవాళ్ళ పేటల్లో, మంగలి షాపుల్లో, జైళ్ళలో, బిలియర్డ్స్ ఆడే చోట్ల పూర్వం నుంచీ ప్రాసలతో పెద్ద పెద్ద కథలు చెప్పేవాళ్ళు, వాటిని టోస్టులు అంటారు. నిండా బూతు, నిండా హాస్యం. వాటిలో పేరుమోసింది ఒక కోతి కథ. చెట్టు మీద కూర్చున్న కోతి సింహాన్ని పిలిచి, ఏనుగు నిన్నూ మీ ఇంటిల్లిపాదినీ తిట్టిందని ఎక్కిస్తుంది, సింహం పోయి ఏనుగు చేతిలో చావుదెబ్బలు తిని వస్తుంది. రాప్ ఎక్కడ పుట్టిందని వెతికేవాళ్ళందరూ ఈ టోస్టుల దగ్గర ఆగుతారు. ఆ కోతి కథను ఓటిస్ 1960ల చివర్లో తన బ్యాండుతో రికార్డు చేశాడు. ఒకసారి తన పేరుతో కాస్త మర్యాదగా, ఇంకోసారి మారుపేరు బ్యాండుతో ఏ మర్యాదా లేకుండా. ఆ రెండో బ్యాండు పేరు ఇక్కడ రాయలేను, మా కోడలు కూడా ఈ ఫోరం చదువుతుంది. వెనక గిటార్ వాయించింది ఓటిస్ కొడుకు షుగీ, అప్పటికి పదిహేను పదహారేళ్ళ పిల్లాడు. తాళం మీద మాట్లాడుతూ కథ చెప్పడం, ప్రాస దగ్గర విరవడం, ఎదుటివాణ్ణి ఏడిపించడం అన్నీ అందులో ఉన్నాయి. మొదటి రాప్ రికార్డు అమ్మకానికి రావడానికి పదేళ్ళ ముందు సంగతి ఇది.

ఆ షుగీ కథ వేరే. 1971లో రాసిన 'స్ట్రాబెర్రీ లెటర్ 23' అనే పాటను 1977లో బ్రదర్స్ జాన్సన్ పాడి పెద్ద హిట్ చేశారు. అదే ముక్కను 2000లో అవుట్‌కాస్ట్ వాళ్ళు 'మిస్ జాక్సన్'లో వాడుకున్నారు, మరుసటి ఏడాది అది అమెరికాలో నంబర్ వన్. అంటే ఆ బర్క్‌లీ కిరాణా కొట్టు ఆయన మనవడి బాణీ అట్లాంటా రాపర్ల పాటలో మోగింది. మీ ఆఫీసు గ్రీకు బాబుకు ఇది తెలుసో లేదో అడగండి.

జానీ ఓటిస్ 2012 జనవరి 17న పోయారు. సరిగ్గా మూడు రోజులకు ఎటా జేమ్స్ పోయారు.

గోదారి_బీట్స్:

శాస్త్రి గారూ, దండం. ఆ కోతి కథ రికార్డు సంగతి నాకు తెలియదు, ఇప్పుడే వింటున్నా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాల్సిన సరుకు.

ఒక్క అనుమానం. తెల్లవాడు నల్లవాడిగా బతకడం మనకు వినడానికి బాగానే ఉంటుంది గానీ, నల్లవాళ్ళు దీన్ని ఎలా తీసుకున్నారు? ఇప్పుడైతే సోషల్ మీడియాలో ఉతికి ఆరేసేవాళ్ళు.

పాతరికార్డుల_శాస్త్రి:

మంచి ప్రశ్న. ఆయన ఊరికే వేషం కట్టి డబ్బు చేసుకుని వెళ్ళిపోలేదు, అదీ తేడా. అక్కడే కాపురం, అక్కడే పిల్లలు. 1965 అల్లర్లలో వాట్స్ తగలబడినప్పుడు ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో పుస్తకం రాశాడు. నల్లజాతి నాయకుడు మెర్విన్ డైమలీ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేశాడు. తర్వాత చర్చి పెట్టి పాస్టర్ కూడా అయ్యాడు. డబ్బు విషయంలో సంగీతకారులతో ఆయనకు పేచీలు లేవని కాదు, ఆ కాలపు బ్యాండు ఓనర్లందరిలాగే పాటల మీద తన పేరు వేసుకున్న సందర్భాలున్నాయి. మనిషిని దేవుణ్ణి చేయక్కర్లేదు.

పిరయస్_పద్మ:

నమస్కారమండీ. మావారిది షిప్పుల కంపెనీ ఉద్యోగం, మాది విశాఖ, ప్రస్తుతం ఉండేది గ్రీసులోని పిరయస్‌లో. ప్రశ్నలో రెండో టాకీ అన్నారు కదా, ఆయన టాకీ త్సాన్. న్యూయార్క్‌లో పుట్టి, ఏథెన్స్‌కు వచ్చి గ్రీకులో రాప్ చేసినవాడు. జొండాని నెక్రి అనే గ్రూపులో ఉండేవాడు, ఇక్కడి నలభై ఏళ్ళ వాళ్ళను అడిగితే ఆ క్యాసెట్లూ సీడీలూ కాలేజీ రోజుల్లో అరగదీశాం అంటారు. కాబట్టి అక్షరాలా గ్రీకు అమెరికన్ రాపర్ కావాలంటే ఆయన ఉన్నాడు, అమెరికాలో మాత్రం ఎవరికీ తెలియదు. అమెరికా యాస, అక్కడి బీటు వెంటబెట్టుకుని వచ్చి ఇక్కడ పేరు తెచ్చుకున్నాడు.

కానీ గ్రీకు రాప్ అంటే ఇక్కడ మొదట తలుచుకునే పేరు వేరే. పావ్లోస్ ఫీసాస్. స్టేజీ పేరు కిల్లా పి. మా ఇంటికి కాస్త దూరంలో పెరామా అని ఓడల మరమ్మతు యార్డులున్న చోటు ఉంది, అక్కడ పనిచేసిన కుర్రాడు, లోహ కార్మికుల యూనియన్‌లో సభ్యుడు. వలస వచ్చినవాళ్ళ మీద దాడులు చేసే గోల్డెన్ డాన్ అనే నాజీ తరహా పార్టీ 2012 ఎన్నికల్లో పార్లమెంటులోకి వచ్చింది, పావ్లోస్ పాటలు సూటిగా ఆ ఫాసిస్టుల మీదే. 2013 సెప్టెంబరు 17 రాత్రి కెరాట్సీనిలో ఒక కెఫేలో స్నేహితులతో కూర్చుని ఒలింపియాకోస్, పారిస్ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాడు. బయటికి వచ్చేసరికి ఆ పార్టీ మనుషులు గుంపుగా వచ్చి చుట్టుముట్టారు. అర్ధరాత్రి దాటాక ఒకడు కారులో వచ్చి దిగి కత్తితో పొడిచాడు. పొడిచింది వీడే అని ప్రాణం పోయేలోగా పావ్లోసే పోలీసులకు చూపించాడు. 34 ఏళ్ళు.

కేసు విచారణ 2015 ఏప్రిల్‌లో మొదలై ఐదేళ్ళు దాటి నడిచింది. వాళ్ళమ్మ మాగ్దా గారు దాదాపు ప్రతి వాయిదాకూ వచ్చి కూర్చున్నారు. 2020 అక్టోబరు 7న ఆ పార్టీ మొత్తం నేరస్థుల ముఠాయే అని కోర్టు తీర్పు చెప్పింది, ఆ రోజు ఏథెన్స్ కోర్టు బయట వేలమంది ఉన్నారు. పొడిచినవాడికి యావజ్జీవం. పావ్లోస్ పడిపోయిన వీధికి ఇప్పుడు అతని పేరే. మా అపార్టుమెంటు పిల్లలకు అతని పాటలు నోటికి వచ్చు, భయపడను, ఏడవను అనే పాట అయితే ఊరేగింపుల్లో పెద్దవాళ్ళు కూడా పాడతారు.

మీ టేబుల్ దగ్గర సరదా వాదనకు ఇది సరిపోకపోవచ్చు గానీ గ్రీకు రాప్ అని ఎవరైనా అడిగితే ఈ పేరు చెప్పకుండా ఉండలేను.

క్వీన్స్_కుర్రాడు:

పద్మ గారూ, చాలా థాంక్స్ అండీ. నేను సరదాగా అడిగాను, ఇంత సంగతి ఉందనుకోలేదు. శాస్త్రి గారికి, శ్రీధర్ అన్నకు కూడా.

ఇంకో చిన్న డౌటు. ఆస్టోరియా నిండా గ్రీకులు, రెండు పేటలవతల క్వీన్స్‌బ్రిడ్జ్, అంటే నాస్, మాబ్ డీప్‌లోని హావక్, మార్లీ మార్ల్ లాంటి హిప్‌హాప్ వాళ్ళు పెరిగిన ఇళ్ళు. నడిచి వెళ్ళొచ్చు, నేను వెళ్ళాను కూడా. రాప్‌కు కాశీ లాంటి చోటు పక్కనే ఉండి ఒక్క గ్రీకు కుర్రాడు కూడా ఆ స్థాయికి ఎందుకు రాలేదు?

గోదారి_బీట్స్:

నాకు అనిపించేది చెబుతా. ఆస్టోరియా గ్రీకుల్లో ఎక్కువమంది 1965లో వలస చట్టం మారాక వచ్చినవాళ్ళు. వచ్చీరాగానే డైనర్లు, పెయింటింగ్ కాంట్రాక్టులు, రోజంతా పని. పిల్లలు బడి అవగానే సాయంత్రం గ్రీకు బడికి, ఆదివారం చర్చికి, మిగిలిన టైములో నాన్న కొట్టు గల్లా దగ్గరికి. వీధిలో తిరిగే తీరిక ఉన్నవాడికే వీధి పాట వస్తుంది. ఇంకోటి, పేటలు పక్కపక్కనే ఉన్నా మనుషులు కలవలేదు, న్యూయార్క్‌లో రెండు వీధులంటే రెండు దేశాలు. ఓటిస్ ఇంటి కొట్టు నల్లవాళ్ళ పేట మధ్యలో ఉంది, ఆస్టోరియా కొట్లు గ్రీకుల మధ్యలోనే ఉన్నాయి. అంతే తేడా అనుకుంటా.

స్ప్రే_శ్రీధర్:

అంతే కాదు బ్రో, సంఖ్య కూడా చూడాలి. ఇటాలియన్లతో పోలిస్తే అమెరికాలో గ్రీకులు ఎంతమంది? అందులో రాప్ చేసేవాళ్ళు ఎంతమంది, అందులో పైకొచ్చేవాళ్ళు ఎంతమంది? దానికి ఇంత సోషియాలజీ అక్కర్లేదు.

సోమవారానికి నీకు నా సలహా: టాకీ 183 తెలుసని ముందే చెప్పేయ్, ఓటిస్‌ను దాచిపెట్టు. వాడికి తెలియకపోతే నువ్వు గెలిచినట్టు, తెలిస్తే వాడికి భోజనం పెట్టించు.

క్వీన్స్_కుర్రాడు:

అప్‌డేట్. టాకీ 183 అనగానే ఛాతీ ఉబ్బింది. జానీ ఓటిస్ అంటే "ఆయన నల్లాయన కదా" అన్నాడు! ఫోన్‌లో ఇయోనిస్ వెలియోటిస్ అనే పేరు చూపిస్తే రెండు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి గ్రీకులో ఏదో గట్టిగా చెప్పాడు. మధ్యాహ్నం టీం మొత్తానికీ మెయిల్ పెట్టాడు, రాక్ అండ్ రోల్ కూడా మా వాళ్ళదే అని. దీనికి కారణం శాస్త్రి గారే, మా మేనేజర్ తరఫున ఆయన మీద ఫిర్యాదు చేస్తున్నాను.

పాతరికార్డుల_శాస్త్రి:

జార్జ్ మైకేల్ నాన్నగారు సైప్రస్ గ్రీకు అని మాత్రం ఆ అబ్బాయికి చెప్పకండి.

క్వీన్స్_కుర్రాడు:

అది వాడు పోయిన క్రిస్మస్‌కే చెప్పాడు సార్.